‘నేను కాదు’, ‘నేనే, కానీ’

క్రిమినల్ కేసులో సాక్షుల విచారణ ముగిశాక, వాదనలు మొదలయ్యే ముందు, ఒక చిన్న ఘట్టం ఉంటుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 313వ సెక్షన్ కనుక వకీళ్లం దానిని ఇప్పటికీ ‘త్రీ థర్టీన్’ అనే పిలుస్తాము. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 351వ సెక్షన్‌గా మారినా, అలవాటు కొద్దీ నోటికి పాత అంకే వస్తుంది. అప్పటిదాకా వకీళ్లూ సాక్షులూ మాట్లాడుకుంటుంటే వెనక చేతులు కట్టుకొని నిలబడిన ముద్దాయిని ఆ రోజు న్యాయమూర్తి ముందుకు పిలిచి నేరుగా అడుగుతారు. "ఒకటో సాక్షి నిన్ను అక్కడ చూశానని చెప్పాడు, ఏమంటావు?" "అబద్ధమండి." "నీవు చూపించగా పార స్వాధీనం చేసుకున్నామని సీఐ గారు చెప్పారు, ఏమంటావు?" "అబద్ధమండి." "చనిపోయిన మనిషి తల మీద రెండు గాయాలున్నాయని డాక్టరు గారు చెప్పారు, ఏమంటావు?" "నాకు తెలియదండి." ముప్పై ప్రశ్నలు పావుగంటలో అయిపోతాయి. ఆఖరున, ఇంకా చెప్పుకొనేది ఏమైనా ఉందా అని అడిగినప్పుడు, ముద్దాయి ఒకసారి తన వకీలు వైపు చూస్తాడు. వకీలు తల అడ్డంగా ఊపుతాడు. "ఏమీ లేదండి" అని ముద్దాయి సంతకమో వేలిముద్రో వేసి వెనక్కి వెళ్లిపోతాడు.

పదిహేనేళ్ల కిందట ఒక హత్య కేసులో అలా తల ఊపిన వకీలును నేనే. ఆ ముద్దాయికి చట్టం ఒక రక్షణ ఇచ్చింది. దానిని నేను ఆ పావుగంటలో పోగొట్టానని చాలాకాలం అనుకున్నాను. నిజానికి అది అంతకు ఏడాదిన్నర ముందే, అతనిని రిమాండుకు తెచ్చిన రోజునే పోవడం మొదలైందని తరువాత అర్థమైంది. మనుషులను గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చి ఆ కేసు సంగతి చెబుతాను.

పల్నాడు వైపు ఒక ఊళ్లో కాలువ చివరి భూముల రైతు అతను. వంతు ప్రకారం రాత్రిపూట నీళ్లు పెట్టుకోవడానికి వెళ్లాడు. పై పొలం వాళ్లు అన్నదమ్ములిద్దరు వచ్చి మడవ మూసేశారు. మాటా మాటా పెరిగింది. ఒకడు కర్రతో తల మీద కొట్టబోతే ఇతను ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు, ముంజేతి ఎముక విరిగింది. కుడి చేతిలో ఉన్న పారతో ఇతను ఒక దెబ్బ వేశాడు. అవతలివాడు పడిపోయాడు. పడిన మనిషి మీద రెండో దెబ్బ కూడా పడింది. తమ్ముడు కేకలు వేసుకుంటూ ఊళ్లోకి పరుగెత్తాడు. ఇతను పార అక్కడే పారేసి రెండు రోజులు అత్తగారి ఊళ్లో తలదాచుకున్నాడు. ఇదంతా అతను నాకు మొదటి ములాఖత్‌లోనే, చెయ్యి గుడ్డతో మెడకు కట్టుకొని, పొల్లు పోకుండా చెప్పాడు.

మేము కోర్టుకు చెప్పింది మాత్రం వేరు. ఆ రాత్రి అతను అసలు ఊళ్లోనే లేడనీ, అత్తగారి ఊళ్లో శుభకార్యానికి వెళ్లాడనీ వాదించాము. ఆ మాట చెప్పడానికి బావమరిది సిద్ధంగా ఉన్నాడు. ఘటనా స్థలంలో కళ్లారా చూసిన సాక్షి తమ్ముడొక్కడే, వాడు పగవాడు, చీకటి రాత్రి. కేసు ఎగిరిపోతుందని నా సీనియరు గారు లెక్క వేశారు, నేనూ నమ్మాను. ఆ లెక్కలో మాకు కనిపించనిది విరిగిన చెయ్యి. ఆ రాత్రి అక్కడ లేని మనిషి చెయ్యి అక్కడ ఎలా విరుగుతుంది? లేడని వాదించడం మొదలుపెట్టిన మరుక్షణం నుంచి ఆ గాయాన్ని మేమే దాచవలసి వచ్చింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో దర్యాప్తు అధికారిని దాని గురించి అడగలేదు, డాక్టరునూ అడగలేదు. మా కక్షిదారుకు ఉన్న ఒకే ఒక్క మంచి సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్ కన్నా మేమే జాగ్రత్తగా కప్పిపుచ్చాము.

క్రిమినల్ కేసులో డిఫెన్సులు ఎన్ని రకాలని పుస్తకం తెరిస్తే పెద్ద జాబితా కనిపిస్తుంది గానీ, కోర్టులో నిలబడేసరికి అవి రెండే జాతులు. ఒకటి ‘నేను కాదు’. రెండోది ‘నేనే, కానీ’. మొదటిదానికి సెక్షన్ అక్కరలేదు. నేరం రుజువు చేసే బాధ్యత ప్రాసిక్యూషన్‌ది, చేయలేకపోతే ముద్దాయి ఇంటికి వెళ్తాడు. తాను ఆ సమయంలో వేరేచోట ఉన్నాననే ‘అలిబీ’ కూడా ఈ జాతిదే. అది ప్రత్యేకమైన రక్షణ కాదనీ, సాక్ష్య చట్టంలో ఒక సంగతి మాత్రమేననీ, దానిని ముందుకు తెచ్చినవాడు గట్టిగా రుజువు చేసుకోవాలనీ సుప్రీంకోర్టు 1996లో బినయ్ కుమార్ సింగ్ కేసులో చెప్పింది. రెండో జాతి రక్షణల్లో ఎక్కువ భాగం ఒకచోట ఉన్నాయి. పాత శిక్షాస్మృతిలో 76 నుంచి 106 దాకా, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 14 నుంచి 44 దాకా ఉన్న సాధారణ మినహాయింపులు అవే. పొరపాటుగా గ్రహించి చేసిన పని, ప్రమాదవశాత్తు జరిగిన పని, ఏడేళ్ల లోపు బిడ్డ చేసిన పని, మతి స్థిమితం లేని స్థితిలో చేసిన పని, ఆత్మరక్షణ, ఇలా సాగుతాయి.

వీటిని మనవాళ్లు లొసుగులంటారు. పత్రికల్లోనూ ఆ మాటే, రచ్చబండ మీదా ఆ మాటే. ఈ పదం మీద నాకు చాలా కోపం. గోడకు పడిన కన్నం లొసుగు అవుతుంది గానీ, కట్టేటప్పుడే మేస్త్రి పెట్టిన గుమ్మం లొసుగు ఎలా అవుతుంది? ఈ మినహాయింపులు నేరం నుంచి తప్పించుకొనే దారులు కావు. ఆ పరిస్థితిలో చేసిన పని ‘నేరం కాదు’ అనే మాటతోనే చట్టం వాటిని మొదలుపెడుతుంది. 1860లో రాసిన ఈ అధ్యాయాన్ని 2023లో కొత్త సంహిత తెచ్చినవారు కూడా అంకెలు మార్చారే తప్ప సారాంశం ముట్టుకోలేదు.

అవి ఎంత దూరం పోగలవో చెప్పడానికి కొత్తగా వచ్చే జూనియర్లకు నేను ఒక పాత ఒరిస్సా కేసు చెబుతూ ఉంటాను. 1958లో బాలాసోర్ జిల్లాలో ఒక పాడుబడిన విమానాశ్రయంలో పాత ఇనుము కొనడానికి కలకత్తా వ్యాపారి ఒకాయన వచ్చాడు. ఆయన వెంట ఒక నేపాలీ నౌకరు ఉన్నాడు. ఆ చోట దెయ్యాలు తిరుగుతాయని ఊళ్లో అందరి నమ్మకం. రాత్రి దూరంగా మినుకు మినుకుమంటూ వెలుగు, దాని చుట్టూ కదిలే ఆకారాలు కనిపించాయి. నౌకరు కుక్రీ అనే నేపాలీ కత్తి దూసి వాటి మీద పడ్డాడు. తీరా చూస్తే వాళ్లు హరికేన్ లాంతరు పెట్టుకొని ఇప్పపూలు ఏరుకొంటున్న ఆడవాళ్లు. ఒకామె చనిపోయింది, ఇద్దరికి గాయాలయ్యాయి. తాను కొడుతున్నది మనుషులను కాదు, దెయ్యాలనని అతను నిజాయితీగానే నమ్మాడని, కింది కోర్టు అతనిని విడిచిపెట్టడం సరైనదేనని ఒరిస్సా హైకోర్టు 1959లో తేల్చింది. జూనియర్లు నవ్వుతారు. నవ్వనిచ్చి, ఆ నౌకరు ‘నేను అక్కడ లేను’ అని ఉంటే ఏమయ్యేదో ఆలోచించమంటాను.

నానావతి కేసు అందరికీ తెలుసు. అందులో నన్ను పట్టిన సంగతి మాత్రం జ్యూరీ అతనిని నిర్దోషి అన్న గొడవ కాదు. 1959 ఏప్రిల్‌లో బొంబాయిలో తన భార్య ప్రియుడు ఆహుజాను కాల్చిన నౌకాదళ అధికారి నానావతి పోలీసులకు తానే లొంగిపోయాడు. పెనుగులాటలో పిస్తోలు పేలిందని వాదించాడు. కాదంటే, హఠాత్తుగా కలిగిన తీవ్రమైన రెచ్చగొట్టుడు వల్ల చేశానన్నాడు. రెండూ ‘నేనే, కానీ’ జాతివే. భార్య నోట సంగతి విన్నాక ఓడకు వెళ్లి తుపాకీ, తూటాలు తీసుకొని ఆహుజా ఇంటికి చేరేసరికి దాదాపు మూడు గంటలు గడిచాయి. అంతసేపట్లో మనసు కుదుటపడాలి కదా అని 1961లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చి యావజ్జీవం ఖాయం చేసింది. అతను ఓడిపోయాడు. కానీ అతని ‘కానీ’ తర్వాతి మాటను దేశంలోని అత్యున్నత న్యాయస్థానం గంటలు లెక్కపెట్టి మరీ విన్నది. మా రైతుకు దక్కనిది ఆ వినడమే.

మరి రక్షణ ఉందని తెలిసీ వకీళ్లం ‘అంతా అబద్ధం’ అని ఎందుకు చెప్పిస్తాము? దీనికి గట్టి సమాధానమే ఉంది. రాజ్యాంగంలోని 20(3) అధికరణం ప్రకారం ముద్దాయి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కరలేదు. నోరు విప్పితే ప్రాసిక్యూషన్ రుజువు చేయలేని సగం కేసును మనమే రుజువు చేసినట్టవుతుంది. మినహాయింపును కోరుకొన్నవాడే దానిని రుజువు చేసుకోవాలని పాత సాక్ష్య చట్టం 105, కొత్త సాక్ష్య అధినియం 108 చెబుతున్నాయి, ఆ బరువు నెత్తిన ఎత్తుకోవడం ఎందుకు? పైగా, ముద్దాయి ఆత్మరక్షణ అని ప్రత్యేకంగా వాదించకపోయినా, రికార్డులోని సాక్ష్యంలో అది కనిపిస్తే కోర్టు పరిగణించవచ్చునని సుప్రీంకోర్టు 1967లో మున్షీ రామ్ కేసులోనే తేల్చింది. కాబట్టి నోరు మూసుకొన్నవాడికి పోయేదేమీ లేదంటారు. నా సీనియరు గారి వాదన ఇదే. ఆయన అబద్ధాలకోరు కాదు, ఎంతోమంది నిర్దోషులను ఈ పద్ధతిలోనే బయటకు తెచ్చిన మనిషి.

దొంగతనం కేసులో, గుర్తింపు కేసులో, ఎవరు చేశారన్నదే ప్రశ్న అయిన ప్రతి కేసులో ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ మౌనాన్ని మించిన డిఫెన్సు లేదు. మనిషి చేసినట్టు రికార్డంతా చెబుతూ, ఎందుకు చేశాడన్నదే ప్రశ్న అయిన కేసులో మాత్రం ఆ లెక్క తలకిందులవుతుంది. ‘సాక్ష్యంలో కనిపిస్తే’ అన్నది మున్షీ రామ్ తీర్పులోని మాట. మనమే దాచిన గాయం సాక్ష్యంలో ఎక్కడ కనిపిస్తుంది? ముద్దాయి ఒంటి మీద గాయాలుండగా వాటికి కారణం చెప్పలేని ప్రాసిక్యూషన్ కథను అనుమానించాలని 1976లో లక్ష్మీ సింగ్ కేసులో చెప్పిన సూత్రం ఎంత పదునైనదో క్రిమినల్ వకీళ్లందరికీ తెలుసు. గాయం రికార్డుకే ఎక్కకపోతే ఆ పదును ఎవరికి పనికొస్తుంది?

ఇక ఆ రుజువు బరువు గురించిన భయం చాలావరకు అపోహ. ప్రాసిక్యూషన్ మాదిరిగా ముద్దాయి సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కరలేదు, తన కథ జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపిస్తే చాలు. అదీ చేయలేకపోయినా, అతను తెచ్చిన సాక్ష్యం వల్ల నేరానికి కావలసిన ఉద్దేశం మీదే అనుమానం పుడితే ఆ లాభం అతనిదే అని 1964లో దహ్యాభాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆత్మరక్షణలో ఉన్నవాడు వేసే దెబ్బను బంగారం తూచే త్రాసులో తూచరాదన్నదీ కోర్టులు పదే పదే చెప్పిన మాటే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎంత బలంతో కొట్టాలో ఎవరు లెక్క కట్టగలరు?

అయితే మా కేసులో రెండో దెబ్బ ఉంది. అవతలివాడు పడిపోయాక ప్రమాదం తీరిపోయినట్టే, అక్కడితో హక్కూ తీరిపోతుంది. నిజం చెప్పి ఉన్నా అతనికి పూర్తి విడుదల దక్కేది కాకపోవచ్చు. కానీ ఆత్మరక్షణ హక్కును సద్బుద్ధితో వాడుతూ హద్దు దాటితే అది హత్య కాదని హత్య సెక్షన్‌లోనే రెండో మినహాయింపు ఉంది. అప్పుడు అది పాత శిక్షాస్మృతిలో హత్యకు శిక్ష చెప్పే 302 నుంచి, హత్య కిందికి రాని నరహత్యకు శిక్ష చెప్పే 304 మొదటి భాగానికి దిగుతుంది. పూర్తి గెలుపు మీద ఆశతో మేము ఆ మధ్య మెట్టును చూడనే లేదు. క్రాస్‌లో బావమరిది పెళ్లికూతురి పేరు తప్పు చెప్పాడు. అలిబీ అక్కడికక్కడే కూలింది. ఆ అబద్ధం తేలాక మా మిగతా మాటలకూ విలువ లేకపోయింది. యావజ్జీవం పడింది.

రిమాండు రోజు గురించి చెబుతానన్నాను. పోలీసులు అరెస్టు చేసిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. మెజిస్ట్రేటు అడగవలసిన ప్రశ్న ఒకటుంది, పోలీసులేమైనా కొట్టారా అని. ఆ ప్రశ్నకు మనవాళ్ల జవాబు ఎప్పుడూ ఒకటే: "లేదు సార్." పక్కన కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు. మళ్లీ స్టేషన్ జీపులోనే వెళ్లాలి. పైగా మా రైతును పోలీసులు నిజంగానే కొట్టలేదు, అతని జవాబు అబద్ధమేమీ కాదు. చెయ్యి ఎలా విరిగిందని మాత్రం ఎవరూ అడగలేదు. అడగకుండా చెప్పవచ్చని అతనికి తెలియదు. చెప్పడానికి పక్కన వకీలు లేడు. నన్ను అతని వాళ్లు కుదుర్చుకొన్నది నాలుగో రోజున. అరెస్టయిన మనిషిని డాక్టరు చేత పరీక్ష చేయించాలని చట్టంలో ఉంది, 1996 నాటి డీకే బసు తీర్పులోనూ ఉంది. ఆ పరీక్ష చాలాచోట్ల ఒక ముద్ర, ఒక సంతకంతో సరిపోతుంది.

అతని గాయం చివరికి ఒకేఒక్క చోట మిగిలింది. జైల్లోకి తీసుకొనేటప్పుడు రాసే రిజిస్టరులో, ఎవరో గుమాస్తా, ‘ఎడమ ముంజేతికి వాపు, కదల్చలేకున్నాడు’ అని ఒక వాక్యం రాశాడు. హైకోర్టులో అప్పీలు చూసిన యువ వకీలు ఆ పుట బయటికి తీయించి అదనపు సాక్ష్యంగా చేర్పించింది. శిక్ష 304 మొదటి భాగానికి తగ్గింది. అప్పటికి అతను ఆరేళ్లు లోపల గడిపాడు, విధించిన శిక్ష అంతకు మించలేదు గనుక ఆ వారంలోనే బయటకు వచ్చాడు. నేను అడగని ఆ ఒక్క ప్రశ్నకు జైలు గుమాస్తా జవాబు రాసి పెట్టాడు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

మతి స్థిమితం గురించిన రక్షణదీ దాదాపు ఇదే గతి, కారణం మాత్రం వేరు. అక్కడ నిజాన్ని దాచేది వకీలు కాదు, ఇల్లు. ఇంట్లో ఒకడికి మనసు బాగాలేదని తెలిస్తే చెల్లెలి పెళ్లి ఆగిపోతుందని మందుల చీటీలు చింపేస్తారు. ఎర్రగడ్డకు తీసుకువెళ్లినా తిరుపతి వెళ్లామని ఊళ్లో చెబుతారు. తీరా అతను ఎవరినో కొట్టి చంపాక, ఆ క్షణంలో తాను చేస్తున్నది ఏమిటో తెలుసుకొనే స్థితిలో లేడని రుజువు చేయడానికి మాకు చూపించే కాగితమే ఉండదు. అరెస్టు తరువాత పుట్టిన మెడికల్ కాగితాలను కోర్టు అనుమానంగా చూస్తుంది, అలా చూడడం తప్పని నేననను.

ఒక విషయం ఇక్కడ అనకుండా ఉండలేను. తెలుగు నేల మీద ‘ఆత్మరక్షణ’ అన్న మాట కోర్టు హాల్లో కన్నా ఎన్‌కౌంటర్ ప్రకటనల్లో ఎక్కువ వినిపించింది. అక్కడ ఆ రక్షణను చెప్పేవారూ, పరిశీలించేవారూ, ఒప్పుకొనేవారూ ఒకే శాఖవారు. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పౌరహక్కుల సంఘం వేసిన కేసులో, అలాంటి మరణంలోనూ కేసు నమోదు కావాలనీ, ఆత్మరక్షణ నిజమా కాదా అన్నది తేల్చవలసింది దర్యాప్తు అధికారి కాదు, న్యాయస్థానమనీ చెప్పింది. సుప్రీంకోర్టు దానిని నిలిపివేసింది, తరువాత 2014లో తన సొంత మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు చనిపోయినప్పుడు పోలీసులు చెప్పిన ఆత్మరక్షణ కథను సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నమ్మలేదు. ఆ నలుగురికి తమ డిఫెన్సు చెప్పుకొనే రోజే రాలేదు. సెక్షన్ ఒకటే అయినప్పుడు, పార పట్టుకొన్న రైతు బోనులో నిలబడి రుజువు చేసుకోవలసిందాన్ని తుపాకీ పట్టుకొన్నవారు పత్రికా ప్రకటనతో ముగించడం ఏ న్యాయమో నాకు అర్థం కాదు.

ఇప్పుడు నేను కేసు పట్టగానే ముందు ఎఫ్ఐఆర్ చదవను. మనిషి చొక్కా విప్పించి ఒళ్లంతా చూస్తాను. గాయం ఉంటే ఆ రోజే మెజిస్ట్రేటుకు మెమో వేసి ప్రభుత్వాసుపత్రికి పంపమని కోరతాను. ఎక్కడ తగిలిందో, ఎవరు కొట్టారో అతని మాటల్లోనే కాగితం మీద పెట్టి దగ్గర ఉంచుకొంటాను. ‘నేనే, కానీ’ కేసు అయితే త్రీ థర్టీన్ రోజున ‘అబద్ధమండి’ల వరసకు బదులు లిఖితపూర్వక వాంగ్మూలం ఇప్పిస్తాను. 2009లో వచ్చిన సవరణ ఆ అవకాశాన్ని చట్టంలో స్పష్టంగా రాసింది, కొత్త సంహితలోనూ ఉంది. వాడేవారు తక్కువ.

మొన్న ఒక గొడవ కేసులో అలాంటి వాంగ్మూలమే వేశాను. రెండు పేజీలు, తెలుగులో, ముద్దాయి చెప్పింది చెప్పినట్టు: కొట్టానని ఒప్పుకొంటూ, ఎవరు ముందు కత్తి తీశారో, తనకు ఎన్ని కుట్లు పడ్డాయో రాసి ఉంది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారు కాగితం తిరగేసి, "ఏం సార్, మీ పని కూడా మీరే మాకు చేసి పెడుతున్నారు" అని నవ్వారు. న్యాయమూర్తి నవ్వలేదు. రెండు పేజీలూ చదివి, ముద్దాయిని దగ్గరకు రమ్మని, కుట్ల మచ్చ చూపించమన్నారు. వాదనలకు వచ్చే నెల వాయిదా ఉంది.